ఐదుగురం, ఐదు దారులు, ఒకే వంటిల్లు: దేవుడి మాటలు గొడవ కాకుండా ఎలా నిలబెట్టుకోవాలి?

ఐదో_అంతస్తు (ప్రశ్న)

నమస్కారం అండి. కొండాపూర్‌లో మూడు పడగ్గదుల ఫ్లాట్‌లో ఐదుగురం అమ్మాయిలం అద్దెకుంటున్నాం. ఒకమ్మాయిది శ్రీవైష్ణవ కుటుంబం. ఒకమ్మాయి కర్నూలు ముస్లిం, ఐదు పూటలా నమాజు చదువుతుంది. ఒకమ్మాయి గోదావరి జిల్లా నుంచి, పెంతెకొస్తు సంఘం. ఇంకొకమ్మాయి గుంటూరులో పుట్టి పెరిగిన జైన్. ఐదోదాన్ని నేను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ మాట వస్తే లేచిపోయే అలవాటూ లేదు.

అన్నాలయ్యాక మొదలయ్యే కబుర్లు ఎటు తిరిగినా ప్రార్థన, మొక్కు, చావు, పాపం దగ్గరికే వస్తున్నాయి. అందరికీ అది కావాలనే ఉంది. ఊళ్లో గుడికో మసీదుకో చర్చికో వెళ్తే నలుగురు పలకరించేవాళ్లు, ఇక్కడ ఆ నలుగురూ మేమే. కానీ పోయిన రెండుసార్లూ అర్ధరాత్రి దాకా సాగి, వాదన ముదిరి, ఒకరు లేచి తలుపేసుకున్నారు. పొద్దున్నే గిన్నెల దగ్గర మళ్లీ అదే కోపం.

అడిగేవి ఇవి. వారానికోసారి పద్ధతిగా కూర్చోవాలంటే ఎలా? ప్రసాదం, మాంసం, ఉల్లి వెల్లుల్లి లెక్కలు ఎలా తేల్చుకోవాలి? పూజ అల్మరా, నమాజు చోటు ఒకే హాల్లో కుదురుతాయా? వచ్చే నెలలో రంజాన్ మొదలవుతోంది కాబట్టి తొందరగా తెలిస్తే మంచిది. దయచేసి "అన్ని మతాలూ ఒకటే కదా" అని మాత్రం రాయకండి. రెండో గొడవ ఆ మాటతోనే మొదలైంది.

చాప_మీద_కూర్చో

ముందు ఆ ఆఖరి మాట సంగతి. "అన్నీ ఒకటే" అనేది శాంతి మాటలా వినిపిస్తుంది గానీ, ఎదుటి మనిషి చెవికి అది "నువ్వు ప్రాణంగా పట్టుకున్న తేడా నాకు లెక్కలేదు" అని చేరుతుంది. దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి లేదు అనే అమ్మాయికీ, అర్చావతారంలో, అంటే పూజించే విగ్రహంలో, సాక్షాత్తు పెరుమాళ్లే (విష్ణువే) ఉన్నారనే అమ్మాయికీ, సృష్టికర్తే లేడనే జైన్ అమ్మాయికీ మధ్య ఉన్నది మాటల తేడా కాదు. కాబట్టి ఇంట్లో ఒప్పందం "ఒకటే" అని కాదు, "తేడా ఉంది, అయినా విందాం" అని రాసుకోండి.

ఇక వేళ. అర్ధరాత్రి కబుర్లు మానేయండి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు మత చర్చ పెడితే ఎవరో ఒకరు ఏడవడం ఖాయం. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదుముప్పావు మీకు సరిపోతుంది. చర్చి నుంచి వచ్చి భోంచేసి ఉంటారు, అసర్ (సాయంత్రం) నమాజుకు మధ్యలో ఐదు నిమిషాలు ఆగితే చాలు, మగ్రిబ్ (పొద్దు గూకాక చదివే నమాజు) లోపు ముగుస్తుంది, జైన్ అమ్మాయి పొద్దు గూకక ముందు తినడానికీ వీలుంటుంది. ముగింపు వేళ కచ్చితంగా పాటించండి. మాట మధ్యలో ఉన్నా సరే, మిగిలింది వచ్చే వారం. ముగింపు ఉందని తెలిస్తేనే మనిషి నోరు విప్పుతాడు.

అందరూ ఒకే ఎత్తులో కూర్చోండి. ఇది చిన్న విషయం కాదు. 1575లో అక్బరు ఫతేపూర్ సిక్రీలో ఇబాదత్ ఖానా కట్టించి గురువారం రాత్రుళ్లు మత చర్చలు పెట్టిస్తే, మొదటి తగవు దేవుడి గురించి రాలేదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలనే దాని మీద వచ్చింది. చివరికి ఒక్కో వర్గానికి ఒక్కో వైపు కేటాయించాల్సి వచ్చింది. ఇద్దరు సోఫాలో, ముగ్గురు నేల మీద ఉంటే సోఫాలో ఉన్నవాళ్లు తెలియకుండానే తీర్పరులవుతారు. అందరూ చాప మీదే. ఫోన్లు పడగ్గదిలో, టైమర్ కోసం ఒక్కటి మాత్రం బయట.

మొదటి చుట్టులో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఆ మనిషివే. మధ్యలో "ఊఁ" తప్ప మాట రాకూడదు. మూడు నిమిషాలకే అయిపోతే మిగతా నిమిషం అందరూ ఊరకే కూర్చోవాలి. అది ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. అసలు మాట చాలాసార్లు ఆ నిమిషంలోనే బయటికొస్తుంది. ఒకరికీ ఇంకొకరికీ మధ్య అర నిమిషం మౌనం. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ల మౌన కూటాల్లో పద్ధతి ఇదే: ఎవరూ ఎవరికీ జవాబు చెప్పరు, ఒక మాట దిగాక ఇంకో మాట.

రెండో చుట్టులో ప్రశ్నలు. తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న ఒకటి, ఓడించడానికి అడిగేది ఇంకొకటి. "ఉపవాసంలో నీళ్లు కూడా తాగరెందుకు?" అనేది మొదటి రకం. "నీళ్లు తాగితే దేవుడికి కోపమొస్తుందా?" అనేది రెండోది. పోల్చుకునే గుర్తు ఒకటుంది: జవాబు మీకు ముందే తెలుసనిపిస్తే అడక్కండి. అభ్యంతరం చెప్పాలనుకున్నవాళ్లు ముందు ఎదుటి మనిషి మాటను తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ మనిషి "అవును, నేనన్నది అదే" అనాలి. అప్పుడే అభ్యంతరం. మూడుసార్లు ప్రయత్నించినా ఆ "అవును" రాకపోతే, అభ్యంతరం అవతలివాళ్ల నమ్మకం మీద కాదు, మీ ఊహ మీద అన్నమాట.

చర్చకి పెట్టే అంశం బట్టి సగం గొడవలు పోతాయి. "దేవుడున్నాడా?", "నరకానికి ఎవరు పోతారు?" మొదటి రెండు నెలలూ వద్దు. ఇలాంటివి పెట్టుకోండి: ఏ ప్రార్థన నోటికొచ్చు, ఎవరు నేర్పారు? ప్రార్థన చేయబుద్ధి కాని రోజు ఏం చేస్తావు? మీ ఇంట్లో చనిపోయినవాళ్లని ఎలా తలుచుకుంటారు? నీ మతంలో నీకే మింగుడుపడని సంగతేది? ఈ చివరిది మూడో నెలకి గానీ తీయకండి, కానీ తీయకుండా మాత్రం ఉండకండి.

స్టాక్‌హోమ్ బిషప్ క్రిస్టర్ స్టెండాల్ 1985లో, తమ ఊళ్లో మోర్మన్ల (అమెరికాలో పుట్టిన ఒక మత శాఖ) ఆలయం మీద వ్యతిరేకత వచ్చినప్పుడు, మూడు నియమాలు చెప్పాడు. ఒక మతం గురించి దాన్ని పాటించేవాళ్లని అడుగు, దాని శత్రువుల్ని కాదు. నీ మతంలో మేలైనదాన్ని తెచ్చి పక్కవాళ్ల మతంలో చెడ్డదానితో తూచకు. పక్కవాళ్ల దాంట్లో "ఇది మాకూ ఉంటే బాగుండు" అనిపించేదానికి మనసులో కాస్త చోటుంచు. రెండోదాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. మీ గొడవల్లో ఎక్కువ భాగం దానికిందికే వస్తాయని నా అనుమానం.

ఇంకొక్కటి. టీవీలో ఏదో జరిగిందని ఆ వారం ముస్లిం అమ్మాయినో, జైన్ అమ్మాయినో "మీవాళ్లు ఇలా చేశారేంటి?" అని నిలదీయడం. అది జరిగిన రోజు నుంచి ఆ మనిషి మీ చాప మీద సాక్షి బోనులో కూర్చున్నట్టే కూర్చుంటుంది. ఎవరూ తమ మతం మొత్తానికి ప్రతినిధి కాదు. "మా మతంలో ఇలా" బదులు "మా ఇంట్లో ఇలా, నేను ఇలా" అని మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే ఈ ఉచ్చు సగం తప్పుతుంది.

పాతబస్తీ_చాయ్

పైన జెప్పిన ముచ్చట మంచిగుంది. కానీ గిట్ల కలిసుండే ఇండ్లు ఇరిగేది చాప మీద గాదు, ఫ్రిజ్ కాడ. గందుకే వంటింటి లెక్క నేను జెప్త.

ముందుగాల ప్రసాదం. మీ వైష్ణవ చెల్లె వండినంక, తళిగ (నైవేద్యం) పెట్టేటందుకు వేరే గిన్నెల తీస్తది, దేవునికి సూపెట్టినంక ఆ గిన్నెల ఉన్నది మళ్ల పెద్ద గిన్నెల కలుపుతది. చానా ఇండ్లల్ల గంతే. కలిపినంక మొత్తం ప్రసాదమే. గప్పుడు తినను అనేటోళ్లకు తినేటందుకు ఏం మిగల్లె. ఉపాయం అల్క: ముట్టనోళ్ల పాలు ముందే పక్కకు తీసి మూత పెట్టాలె, దాని తర్వాతనే నైవేద్యం, దాని తర్వాతనే కలుపుడు. రోజుకు ఒక నిమిషం పని. ఇంకోటి, ఎవ్వరికైనా పెట్టేటప్పుడు "ఇది దేవునికి పెట్టింది" అని నోటితోని చెప్పాలె. చెప్పకుండ పెట్టి, తిన్నంక నవ్వుకుంట చెప్పుడు దోస్తానా గాదు.

ఉల్లి, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగి: భూమిల కాసేవి జైన్ చెల్లె తినకపోవచ్చు. వైష్ణవ చెల్లె ఉల్లి ఎల్లిగడ్డ మానినా ఆలుగడ్డ తింటుండొచ్చు. ఇద్దరిని ఒక్క గాటన కట్టకుండ్రి. ఐదుగురు కలిసి తినే రోజు కోసం ఒక పట్టిక రాసుకోండ్రి: కందిపప్పు, దోసకాయ, సొరకాయ, బీరకాయ, బెండకాయ, పెసరపప్పు, పచ్చికొబ్బరి, ఇంగువ పోపు. అంగడిల ఇంగువల గోధుమపిండో మైదానో కలుస్తది, ఏకాదశి నాడు ధాన్యం ముట్టనోళ్లు గది సూసుకోవాలె. జెల్లీలు, మార్ష్‌మెల్లోలు అసొంటి తీపి పదార్థాలల్ల జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) ఉంటే శాకాహారులకు, ముస్లిం చెల్లెకు అభ్యంతరం ఉండొచ్చు, ప్యాకెట్ ఎనకాల సదువుండ్రి.

మాంసం. "ఇంట్ల వద్దు" అనుడు అల్క, కానీ గట్లయితే ఎప్పుడు సర్దుకునేది మాంసం తినేటోళ్లే. ఆరు నెలలకు గది లోపల పుండయితది. పనికొచ్చే పద్ధతి: యుటిలిటీ బాల్కనీల ఒక ఇండక్షన్ స్టవ్, దానికి రెండు గిన్నెలు, ఒక పెనం, ఒక గంటె, వేరే రంగు స్క్రబ్బర్. గిన్నెలు అక్కడనే కడిగి అక్కడనే బోర్లించాలె. పైలం, 2000 వాట్ల స్టవ్ తొమ్మిది ఆంపియర్ల దాకా గుంజుతది. గోడకున్న చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గుల పెడితే కమిలిపోతది. గీజరుకు, ఏసీకి పెట్టేటి 16 ఆంపియర్ల పాయింట్ కావాలె. ఫ్రిజ్‌ల మాంసం అన్నిటికన్న కింది అరల, మూత డబ్బాల ఉండాలె. ఇది మతం కోసమే గాదు, రక్తం కారి కూరగాయల మీద పడొద్దని గూడ. హలాల్ దుకాణం నుంచే తెస్తే ముస్లిం చెల్లెకు సరిపోతది, కానీ కొందరు క్రైస్తవులు హలాల్ మాంసం గూడ విగ్రహాలకు పెట్టినదాని లెక్కన్నే సూస్తరు. అడగండ్రి, అనుకోకుండ్రి.

హాలు దిశల ముచ్చట. హైదరాబాద్ నుంచి ఖిబ్లా (నమాజుకు తిరిగే మక్కా దిక్కు) అంటే పడమర, దానికి పదమూడు డిగ్రీల దాకా ఉత్తరం మొగ్గు. నమాజు చదివేటప్పుడు ముంగట బొమ్మలు, ఫొటోలు ఉండొద్దు. గందుకే పూజ అల్మరా పడమటి గోడకు పెట్టకుండ్రి. ఈశాన్యం మూలల తూర్పు గోడకు పెడితే వాస్తు సూసేటోళ్లకు మంచిదే, నమాజుకు ఎనకాలకు వస్తది, అడ్డం గాదు. పడమటి గోడ బోడిగ ఉంచుండ్రి, క్యాలెండర్ గూడ వద్దు. జానమాజ్ (నమాజు చాప) పరిచినప్పుడు ముంగట నుంచి నడవకుండ్రి, ఎనకకెళ్లి పోండ్రి. దీపం ఎలిగించి ఆఫీసుకు పోవుడు బంద్. చెక్క అల్మరాల దీపమంటే తమాషా గాదు. సాంబ్రాణి ఏసే ముందు పొగ గుర్తుపట్టే అలారం ఎక్కడుందో సూడుండ్రి, లేకుంటే వాచ్‌మన్ ఉరుక్కుంట వస్తడు.

ఆడపిల్లల ఇల్లు గాబట్టి ఇంకో మాట. రంజాన్‌ల నెలసరి రోజులల్ల ఉపవాసం, నమాజు ఉండవు, ఉపవాసాలు తర్వాత తీర్చుకుంటరు. "ఇయ్యాల రోజా లేదా?" అని అందరి ముంగట అడగొద్దు. మూసిన గ్లాసుల చాయ్ తాగుతుంటే సూడనట్టే ఉండాలె. పూజ అల్మరా కాడికి పోకుండ ఉండే వైష్ణవ చెల్లె సంగతి గూడ గంతే.

ఐదో_అంతస్తు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పడమటి గోడకే పూజ అల్మరా ఉంది, ఈ శనివారం మారుస్తున్నాం.

ఇంకో ముడి. పెంతెకొస్తు అమ్మాయికి సువార్త చెప్పడం బాధ్యత. తను దాచుకోదు కూడా, "నాకు దొరికిన మంచి నీకు చెప్పకపోతే నేనేం స్నేహితురాలిని" అంటుంది. వైష్ణవ అమ్మాయికి అది తన కుటుంబాన్ని తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరినీ తప్పనలేకపోతున్నాను. అలాగే శుక్రవారం రాత్రి పెంతెకొస్తు అమ్మాయి ప్రార్థన గట్టిగా ఉంటుంది.

గోదారి_గట్టు

సిస్టర్, ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీద్దాం. సాక్ష్యం చెప్పడం వేరు, వెంటపడడం వేరు.

మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వచనం ఆమెకు కంఠతా వచ్చి ఉంటుంది. అందులో సమాధానం చెప్పమన్నది అడిగినవాళ్లకి. అదీ "సాత్వికముతోను భయముతోను". ఆ వచనం చాప మీద కూర్చున్నప్పుడు ఆమె చేతనే చదివించండి. బయటివాళ్లు నియమం పెట్టినట్టు కాక, తన గ్రంథమే తనకి హద్దు గీసినట్టు ఉంటుంది. ఆచరణలో ఇలా: ఆదివారం తన నాలుగు నిమిషాల్లో యేసు గురించి ఆమె ఏం చెప్పినా ఎవరూ అడ్డుచెప్పకూడదు. ఆ సమయం బయట, అడిగితేనే. ఎవరినైనా చర్చికి ఒక్కసారి పిలవొచ్చు. "వద్దు" అంటే ఆ సంవత్సరానికి అదే జవాబు. దిండు కింద కరపత్రాలు, వాట్సాప్‌లో రోజూ వాగ్దానాలు, జ్వరంతో పడుకున్న మనిషి తల మీద చెప్పకుండా చెయ్యి పెట్టడం ఇవేవీ వద్దు. "నీ కోసం ప్రార్థన చేయనా?" అని అడిగి, ఊఁ అంటే చేయాలి. చాలామంది ఊఁ అనే అంటారు. అడగకపోవడమే కష్టపెట్టేది.

ఇప్పుడు రెండో వైపు. ఇదే కొలత మిగతావాళ్లకీ వర్తించాలి, లేకపోతే అన్యాయం. తెలుగు క్రైస్తవ అమ్మాయికి రోజూ ఎదురయ్యేవి కొన్ని ఉంటాయి: "మీ అసలు పేరేంటి?", "మీ తాతలు ఎప్పుడు మారారు?", "బొట్టు పెట్టుకుంటే ఏమైంది, పండగే కదా". ఇవన్నీ కూడా ఒక రకం సువార్తలే, వెనక్కి రమ్మని. ఆమె కరపత్రం ఆపాలంటే, మీరు కుంకుమ భరిణె ఆపాలి.

ప్రసాదం గురించి పైన చెప్పిన పద్ధతి పౌలు మాటకి సరిగ్గా అతుకుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏమీ విచారించకుండా పెట్టింది తినమన్నాడు. కానీ ఎవరైనా "ఇది బలి అర్పించింది" అని చెబితే, చెప్పినవాడి కోసం తినొద్దన్నాడు. అందుకే కొందరు క్రైస్తవులు చెప్పకపోతే తింటారు, చెబితే తినరు. అది దొంగతనం కాదు, వచనంలో ఉన్నదే. అయినా చెప్పి పెట్టడమే మర్యాద. ఎనిమిదో అధ్యాయంలో ఇంకో మెలిక ఉంది, నా స్వేచ్ఛ బలహీనుడికి అడ్డం కాకూడదని. మీ అమ్మాయి "నాకు పర్వాలేదు, కానీ మా సంఘం పిల్లలు చూస్తే" అంటే, దాని వెనక ఉన్నది ఆ అధ్యాయం. వెక్కిరించకండి.

శుక్రవారం ప్రార్థన. పెంతెకొస్తు ప్రార్థన గట్టిగానే ఉంటుంది, భాషల్లో మాట్లాడడం (ఆత్మ ఆవేశంలో తెలియని మాటలు పలకడం) కూడా ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్లు భయపడతారు. ముందే ఒక ఆదివారం అది ఏమిటో, అప్పుడు తనకేమవుతుందో ఆమె చేత చెప్పించండి. గొంతు తగ్గించమనడం కంటే వేళ మార్చడం మేలు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా తలుపేసుకుని, తలుపు కింద సందులో పాత దుప్పటి మడత పెట్టి. పదకొండు తర్వాత ఎవరి శబ్దమూ వద్దు. పొద్దున నాలుగున్నరకి స్పీకర్లో సుప్రభాతం, ఫోన్లో అజాన్ కూడా అందులోకే వస్తాయి. ఇయర్‌ఫోన్స్ ఉన్నది అందుకే.

ఒక చిన్న హెచ్చరిక. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులు ఆర్‌సీఎం (కేథలిక్), లూథరన్, సీఎస్ఐ వాళ్లు పాటిస్తారు. పెంతెకొస్తు సంఘాల్లో చాలావరకు పాటించవు. "మీకూ ఉపవాసాలు మొదలయ్యాయి కదా" అని మీరే నిర్ణయించేయకండి.

ప్రశ్నార్థకం

చాప_మీద_కూర్చో గారితో ఒక చోట విభేదిస్తాను. టైమర్, మౌనం, నాలుగు నిమిషాలు మొదటి ఆరు వారాలకి మంచివే. ఆ తర్వాత కూడా అలాగే ఉంటే మనుషులు చక్కటి ఉపన్యాసాలు తయారు చేసుకుని వస్తారు, ఒకరినొకరు తాకరు. ఆరో వారం దాటాక నెలకో ఆదివారం టైమర్ తీసేయండి. వాదన రానివ్వండి. తిరిగి చెప్పే నియమం ఒక్కటి మాత్రం ఉంచండి.

ఇప్పుడు మీ గురించి, అంటే నమ్మకం లేని ఐదో మనిషి గురించి. ఇలాంటి ఇళ్లలో నాస్తికులకి రెండు పాత్రలు అంటగడతారు: రిఫరీ, లేకపోతే అందరూ కలిసి మార్చాల్సిన కేసు. రెండూ ఒప్పుకోకండి. మీ నాలుగు నిమిషాలు మీవే. మీకు దేనిముందు తల వంగుతుంది, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పుకుంటారు, చావుని ఎలా చూస్తారు, అవి చెప్పండి. "నాకు చెప్పడానికేం లేదు, మీరు కానివ్వండి" అనడం వినయంలా ఉంటుంది గానీ, అవతల నలుగురూ విప్పి చూపిస్తుంటే మీరు కిటికీ పక్కన నిలబడి చూడడమే అది.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. అంతటి నాస్తికుడు సేవాగ్రాం వెళ్లి, పొద్దున సాయంత్రం ప్రార్థనలు జరిగే ఆశ్రమంలో ఉండి గాంధీతో మాట్లాడారు. ఇద్దరూ ఒకరి అభిప్రాయానికి ఇంకొకరు లొంగలేదు. కానీ గోరా కూతురి కులాంతర వివాహం ఆశ్రమంలో జరిపించడానికి ఒప్పుకున్న గాంధీ, ప్రమాణంలో దేవుడి పేరు ఉన్నచోట సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. గాంధీ పోయాక, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. మీ ఇంటికి పనికొచ్చే సంగతి ఆ ఒక్క మాట మార్పు. కలిసి ఏదైనా చదవాలనుకున్నప్పుడు ఐదుగురూ అబద్ధం ఆడకుండా పలకగలిగే మాట ఏదో వెతకండి. దొరక్కపోతే మౌనంగా ఉండండి. అందరి కోసం ఒక కిచిడీ ప్రార్థన తయారు చేయకండి. అందులో ఎవరి ప్రాణమూ ఉండదు.

1986 అక్టోబరులో రెండో జాన్ పాల్ పోపు అస్సీసీకి అన్ని మతాల పెద్దల్ని పిలిచినప్పుడు వాటికన్ పెట్టుకున్న గీత ఇదే: కలిసి ప్రార్థించడానికి కాదు, ప్రార్థించడానికి కలిసి ఉండడం. ఎవరి ప్రార్థన వాళ్లది, మిగతావాళ్లు పక్కన కూర్చుంటారు. మీ హాల్లో కూడా అంతే చేయొచ్చు. ఒకరు పాశురం (ఆళ్వార్ల విష్ణు కీర్తన) చదువుతుంటే నలుగురు వింటారు, "ఆమేన్" అనాల్సిన పని లేదు, చేతులు జోడించాల్సిన పని లేదు. నాకైతే ఇందులో ఏ కపటమూ కనబడదు.

చాప_మీద_కూర్చో

టైమర్ తీసేసే విషయం ఒప్పుకుంటున్నాను. ఆరు వారాలు దాటాక.

2026 పంచాంగం చూస్తే ఈసారి మీకు తీరిక లేదు. ఫిబ్రవరి 15న శివరాత్రి, 18న భస్మ బుధవారం (శ్రమల కాలం మొదటి రోజు), చంద్రుడు కనబడేదాన్ని బట్టి 19 ప్రాంతంలో రంజాన్ నెల మొదలు. మార్చి 19న ఉగాది, ఆ వెంటనే రెండు రోజుల్లో ఈద్, 26-27ల్లో శ్రీరామనవమి, నెలాఖరుకి మహావీర్ జయంతి, ఏప్రిల్ 3న గుడ్ ఫ్రైడే, 5న ఈస్టర్. శివరాత్రి మీ శ్రీవైష్ణవ స్నేహితురాలికి పండగ కాకపోవచ్చు, శుభాకాంక్షలకి ముందు అడగండి.

ఉగాది నాడు ముస్లిం అమ్మాయి ఇంకా ఉపవాసంలోనే ఉంటుంది. పచ్చడి నైవేద్యానికి ముందే రెండు గిన్నెలు పక్కకు తీసి మూత పెట్టండి, ఒకటి ఇఫ్తార్ వేళకి, ఒకటి పెంతెకొస్తు అమ్మాయికి. వేపపువ్వు మాత్రం సాయంత్రం కలపండి, పొద్దున్నే కలిపి ఉంచితే చేదు మొత్తం దిగి నోట పెట్టలేరు. కడప వైపు వాళ్లయితే ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్లడం తెలిసే ఉంటుంది, బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు అంటారు. ఆ సంగతి ఆ రోజు చాప మీదకి వస్తే బాగుంటుంది.

ఇంకోటి. రంజాన్ నెలలో సూర్యాస్తమయమే మీ ఇంటి కూడిక వేళ చేసుకోండి. ఫిబ్రవరి చివర్లో హైదరాబాదులో పొద్దు గూకేది సుమారు ఆరూ ఇరవైకి. జైన్ అమ్మాయికి అదే ఆఖరి వేళ, ముస్లిం అమ్మాయికి అదే మొదటి వేళ. ఒకరు చివరి గ్లాసు నీళ్లు తాగి బల్ల మీద పెడితే, ఇంకొకరు ఖర్జూరం అందుకుంటారు. జైన్ అమ్మాయిని ఆరుంబావుకల్లా ముగించేలా చూడండి, ఇఫ్తార్ వేళ మాత్రం వాళ్ల మసీదు ఇచ్చిన పట్టిక ప్రకారం, ఫోన్ యాప్‌ల మధ్య రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది. సెలవు రోజుల్లోనే కుదురుతుంది, ఆఫీసు రోజుల్లో ఆశ పెట్టుకోకండి. సహరికి (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినడానికి) నాలుగున్నర ప్రాంతంలో లేవాలి, ఆమె ఒక్కతే లేస్తే నెలంతా ఒంటరిగా ఉంటుంది. వారానికి ఒక్కరోజు చొప్పున నలుగురూ వంతులేసుకుని ఎవరో ఒకరు లేచి తోడు కూర్చోండి. వండక్కర్లేదు, కూర్చుంటే చాలు. జైన్ అమ్మాయి మాత్రం ఏమీ తీసుకోదు, నవకార్శి అనే జైన నియమం ప్రకారం సూర్యోదయం తర్వాత 48 నిమిషాల దాకా ఆగాలి. ఆమెకి టీ పోసి బలవంతపెట్టకండి.

ఐదో_అంతస్తు

సహరి వంతుల కాగితం రాసేశాం, మంగళవారం నాది. మొదటి ఆదివారానికి "ఏ ప్రార్థన నోటికొచ్చు, ఎవరు నేర్పారు" పెట్టుకున్నాం. నాకు చిన్నప్పుడు నేర్పినదే చెప్తాను, ఇప్పుడు ఎందుకు చదవనో కూడా చెప్తాను.

ఒక్క సందేహం. బాల్కనీలో 16 ఆంపియర్ల పాయింట్ ఒక్కటే ఉంది, అది వాషింగ్ మెషీన్‌ది. మల్టీప్లగ్ పెట్టి రెండూ నడపొచ్చా?

పాతబస్తీ_చాయ్

అసలే వద్దు. ఆదివారం పొద్దుగాల బట్టలు, మధ్యాన్నం కూర. ఒకటి తీసి ఇంకోటి పెట్టుండ్రి. వేడి నీళ్ల బటన్ నొక్కితే మెషీన్ గూడ రెండు వేల వాట్ల దాకా గుంజుతది, రెండు కలిస్తే ప్లగ్గు కరుగుతది. స్టవ్ కింద నాపరాయి పలక ఒకటి ఏసుండ్రి, మెషీన్ మీద మాత్రం పెట్టకుండ్రి, అది ఊగుతది.